చొక్కా విప్పని మొక్కు

ఇందులో రాసిన ప్రతి మాటా నిజం. మార్కాపురం పలక మీద కుడిచెయ్యి ఆనించి ప్రమాణం చేసి చెప్తా ఉన్నాను. పలక మీద రాసింది తడిగుడ్డ పెడితే చెరిగిపోతుంది కదా అని ఎవరికన్నా అనుమానం వస్తే అది వాళ్ళ మనసులోని మురికి, నా తప్పు కాదు. పుట్టింది పలకల ఊళ్ళో, బతికేది నేలకు పరిచే బండల వ్యాపారం మీద. ప్రమాణానికి నా దగ్గర ఇంతకన్నా గట్టి వస్తువు లేదు.

మూడేళ్ళ కిందటి దాకా నేను ఈ బజారులో పేరున్న లావు మనిషిని. ఆటోవాళ్ళు నా దగ్గర ఇద్దరి చార్జీ అడిగేవాళ్ళు. ఇచ్చేవాణ్ణి, దిగేదాకా ఇద్దరి మాటలూ మాట్లాడేవాణ్ణి. బండలు కోసే పనివాళ్ళు మధ్యాహ్నం నా పొట్ట నీడలో కూర్చుని సంగటి తింటారని నేనే ప్రచారం చేసుకున్నాను. చొక్కా విప్పి దుకాణం ముందు కూర్చోవడానికి ఏ సిగ్గూ ఉండేది కాదు. జనం నవ్వేవాళ్ళు, నవ్వినవాడు నాలుగు బండలు కొనకుండా పోయేవాడు కాదు.

తర్వాత షుగరు వచ్చింది. బరువు తగ్గు, లేకపోతే కాళ్ళ మీద ఆశ వదులుకో అన్నాడు డాక్టరు. కొర్రన్నం తిన్నాను. తెల్లారకముందే కంభం రోడ్డు పట్టుకుని నడిచినాను. ఏడాదిన్నరలో నలభై కిలోల పైన పోయింది. మెచ్చుకుంటారనుకుంటే, ఎదురుపడిన ప్రతివాడూ గొంతు తగ్గించి, ఏ ఆస్పత్రిలో చూపిస్తా ఉన్నావు నాయనా అని అడగడం మొదలుపెట్టినాడు.

పొట్ట పోయింది. రొమ్ములు పోలేదు. మగవాడికి రొమ్ములేంది అంటారేమో, నేనూ అట్లనే అనేవాణ్ణి. లోపలి కొవ్వు కరిగి తోలు మిగిలింది. గింజలు దులిపిన గోనెసంచుల మాదిరి రెండు పక్కలా జారిపోయింది. వడివడిగా నడిస్తే ఊగేది. మెట్లు దిగేటప్పుడు ఎవరూ చూడకుండా మోచెయ్యి అడ్డం పెట్టుకునేవాణ్ణి. ఆ మడతల కింద చెమటకు ఒరుసుకుని ఎండాకాలం పుండ్లు పడేవి. బిగుతు బనీన్లు రెండు, వాటి మీద చొక్కా, మే నెలలో కూడా. ఇంట్లో సైతం బాత్రూం గడియ వేసుకునే బట్టలు మార్చుకునేవాణ్ణి.

నా పెళ్ళాం నా మేనమామ కూతురు. ఆమె తమ్ముడు రాచర్ల దగ్గర సేద్యం చేస్తాడు, గొర్రెలు కూడా ఉన్నాయి. కిందటి ఎండాకాలం వాళ్ళ చేను దగ్గర పొట్టేలు కోసినారు. తిండికి ముందు మగవాళ్ళంతా చొక్కాలు విప్పి బోరు నీళ్ళ తొట్లో దిగినారు. ఎప్పుడైనా మొదట దూకి సగం నీళ్ళు బయటికి పోయించేవాణ్ణి నేనే. ఆ రోజు గుండీలు మెడ దాకా పెట్టుకుని గట్టున నిలబడినాను.

"ఏంది బావా, లావుగా ఉన్నప్పుడు లేని సిగ్గు సన్నబడినాక వచ్చింది? లోపల ఏం దాచిపెట్టినావు?" అన్నాడు బావమరిది. తొట్లో తలకాయలన్నీ నా వైపు తిరిగినాయి.

అబద్ధం నా గొంతులో ఎప్పుడూ తయారుగా ఉంటుంది, సోడాకాయలో గోలీ మాదిరి. ఏళ్ళ తరబడి కొండలో తొలుస్తానే ఉన్న సొరంగంలోంచి కృష్ణ నీళ్ళు మన చేలల్లో పారేదాకా నలుగురిలో చొక్కా విప్పనని మొక్కుకున్నానన్నాను.

నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. ఆ నీళ్ళ కోసం మా నాయన ఎదురుచూసి పోయినాడు, బావమరిది నాయనా అట్లనే పోయినాడు. మా పక్క ఆ మాట మీద నవ్వేవాడు ఉండడు. బావమరిది తొట్లోంచి లేచి వచ్చి, నా కాళ్ళ మీద చెంబుడు నీళ్ళు పోసినాడు.

ఆ మొక్కు రాచర్ల నుంచి ఆటోలో గిద్దలూరు పోయి, అక్కడ బస్సెక్కి, నాకన్నా ముందే మార్కాపురం చేరింది. కొద్దిరోజులకు ఒకాయన సెల్లుకు మైకు తగిలించుకుని దుకాణానికొచ్చినాడు. రైతుల కోసం చొక్కా విప్పని మనిషని నన్ను వీడియో తీసుకున్నాడు. అడిగినాడు కదా అని ఇంకో రెండు అబద్ధాలు కలిపి ఇచ్చినాను.

ఇంతలో మా అమ్మాయి పెళ్ళి కుదిరింది. ముండ్లమూరు పక్క సంబంధం, వైశాఖంలో ముహూర్తం. వియ్యంకుడు మర్యాదస్తుడు. ఆ వీడియో చూసి ఫోను చేసినాడు.

"మీ మొక్కంటే మాకు గౌరవమే బావగారూ. కానీ మా ఇళ్ళల్లో కన్యాదానం చేసే మగమనిషి ఒంటి మీద కుట్టిన బట్ట ఉండకూడదు. పైన కండువా ఒక్కటే. ఇది మా పెద్దవాళ్ళ పట్టుదల, ఏమీ అనుకోవద్దు."

కుట్టిన బట్ట అంటే బనీను కూడా. కండువా భుజం మీద నిలబడేది ఎంతసేపు? అల్లుడి కాళ్ళు కడగడానికి ముందుకు వంగాలి. వంగితే ఏం జరుగుతుందో నాకు తెలుసు. గడియ వేసుకున్న బాత్రూంలో, అద్దం ముందు వంగి చూసుకున్నాను. ఫోటోగ్రాఫరు, వీడియో, పక్కన పెద్ద తెర, ఎదురుగా రెండు ఊళ్ళ జనం.

ఆ రాత్రి అన్నం దగ్గర నా పెళ్ళాం ఒక మాట అనింది. కోపంగా అని ఉంటే తట్టుకునేవాణ్ణి.

"అంత ఇబ్బందైతే పీటల మీద తమ్ముడూ మరదలూ కూర్చుంటారులే బావా. మేనమామే కదా."

నా బిడ్డ చెయ్యి ఇంకొకడు పట్టి అప్పగిస్తాడు, నేను గుండీలు పెట్టుకుని వెనక కుర్చీలో కూర్చుంటాను. జనం అడిగితే సొరంగం కత చెప్తాను. ఇంతకాలం కతలు చెప్పి ఏదో ఒకటి సంపాదించినాను కానీ, కత చెప్పి బిడ్డను పోగొట్టుకోలేదు.

మర్నాడు చెప్పినాను, గుంటూరులో ఇట్లాంటి ఆపరేషన్లు చేసే డాక్టరమ్మ ఉందని, పోదామని. నా పెళ్ళాం వద్దనింది. పెళ్ళి ఇంట్లో కోతలేంది అనింది. పుండ్ల బాధ నీకేం తెలుసు అన్నాను. చాలాసేపు నా మొహం చూసింది.

"మత్తిచ్చినాక నువ్వు లేవకపోతే పీటల మీద నువ్వూ ఉండవు, నేనూ ఉండను. అది ఆలోచించినావా?"

అయినా పుష్యమాసం చలిలో ఇద్దరం రైలెక్కినాం. గుంటూరు దాకా ఆమె కిటికీ వైపే చూసింది. డాక్టరమ్మ ముందర కూడా వద్దనే చెప్తానని బయల్దేరేముందే చెప్పింది.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి, అనవసరంగా నవ్వదు. చొక్కా విప్పి అద్దం ముందు నిలబడమనింది. బనీన్లు కూడా అనింది. నా పెళ్ళాం మూలన కుర్చీలో ఉంది. చేతులు తల మీద పెట్టుకోమంటే పెట్టుకున్నాను. పోలీసుల ముందు దొంగ మాదిరి. డాక్టరమ్మ ముందు రెండు పక్కలా వేళ్ళతో నొక్కి చూసింది. గడ్డలు మగవాళ్ళకూ రావచ్చనింది, అంతకుముందే తీయించిన స్కానింగు రిపోర్టు చూసి ఏమీ లేదనింది. తర్వాత టేపు తీసి గొంతు కింద గుంట నుంచి కొలవడం మొదలుపెట్టింది. మామూలుగా అయితే, జాకెట్టు ఏ రంగు గుడ్డలో కుడతారు మేడం అని అడగాలి నేను. మాట నాలుక దాకా వచ్చింది. పెదవులు విడలేదు. అద్దంలో నా వెనక నా పెళ్ళాం మొహం కనపడుతా ఉంది. నేను గోడ మీద గడియారం చూసినాను.

డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. ఇది నడకతో పోయేది కాదు. ఎక్కువైన తోలు కోసి తీసి, చనుమొనలు పైకి జరిపి కుట్టాలి. ఛాతీ కింద రెండు గీతలు పడతాయి, అవి జన్మంతా ఉంటాయి. స్పర్శ పోవచ్చు, తిరిగి రావచ్చు, రాకపోవచ్చు. నాకు షుగరుంది కాబట్టి కుట్లు మానడం ఆలస్యం కావచ్చు, చీము పట్టవచ్చు. మత్తుకు ఉండే ప్రమాదం మత్తుకు ఉంటుంది.

"పెళ్ళిలో కనపడడం కోసమే అయితే ఇప్పుడు తొందరపడొద్దు. పెళ్ళి చేసేసి నిదానంగా రండి" అనింది.

పుండ్ల సంగతి చెప్పినాను. మడత పైకెత్తి చూసి, ఇప్పుడేమీ లేవే అనింది. చలికాలం కదా మేడం, మానినాయి అన్నాను. ఆమె నన్ను వదిలేసి మూలకు తిరిగింది.

"అమ్మా, నిజంగా పుండ్లు పడతాయా?"

అయిపోయిందనుకున్నాను. వద్దని చెప్తానన్న మనిషి. చేతులు ఇంకా తల మీదే ఉన్నాయి, దించొచ్చని ఎవరూ అనలేదు.

నా పెళ్ళాం కొంగు సర్దుకునింది. "పడతాయమ్మా. ఎండాకాలం రసి కారుతుంది. నేనే మందు పూస్తాను. ఇంకో ఎండాకాలం అట్ల గడపలేడు."

డాక్టరమ్మ నెల టైమిస్తాననింది. షుగరు తాను చెప్పిన దానికి దిగితేనే కత్తి పడుతుంది, లేకపోతే పెళ్ళి తర్వాతే. తిరుగు రైల్లో కురిచేడు దాటినాక, షుగరు దిగకపోతే మాత్రం ఆపరేషను కాగితం మీద సంతకం పెట్టనని నా పెళ్ళాం ఒక్క ముక్క అనింది.

ఆ నెల నేను ఎట్ల బతికినానో కతగా చెప్పడానికి కూడా ఏమీ లేదు. పెళ్ళి కబురు చెప్పడానికి పోయిన ప్రతి ఇంట్లో మిఠాయి పెట్టేవాళ్ళు, మొక్కులో అదీ వదిలినానని చెప్పేవాణ్ణి. షుగరు డాక్టరమ్మ చెప్పిన అంకెకు కాస్త కింద ఆగింది. ఆస్పత్రి కాగితం మీద, ప్రాణానికి ముప్పు రావచ్చునని రాసి ఉన్న చోట నా పెళ్ళాం పెన్ను ఆగిపోయింది. స్ట్రెచరు మీద పడుకుని నేను ఆ పెన్ను వైపే చూస్తా ఉన్నాను. వద్దులే పోదాం పద అనబోయినాను. నేను నోరు తెరిచేలోపల సంతకం పెట్టేసింది.

లేచినాను. ఎడమ పక్క కుట్లు రెండు చోట్ల విచ్చుకుని మళ్ళీ భయపెట్టినాయి, ఆలస్యంగా మానినాయి. ఛాతీని అదిమిపెట్టే బిగుతు కోటు ఒకటి వారాల తరబడి తొడుక్కుని ఉడికిపోయినాను. వైశాఖంలో పీటల మీద ఒంటి మీద కండువాతో కూర్చున్నాను. వంగి అల్లుడి కాళ్ళు కడిగినాను. కండువా జారింది. జారనిచ్చినాను. మా అమ్మాయి చెయ్యి నేనే పట్టి అప్పగించినాను.

నీళ్ళు రాకుండానే మొక్కు తప్పినావే బావా అన్నాడు బావమరిది భోజనాల దగ్గర. సొరంగంలోంచి నీళ్ళే కబురు పంపినాయి, మాకు ఇంకా పనుంది, నువ్వు ముందు బిడ్డ పెళ్ళి చేసుకో అన్నాయి అని చెప్పినాను. ఆ గీతలేంది మరి అన్నాడు. పుండ్లకు కోయించుకున్నానన్నాను. అయ్యో అన్నాడు.

ఇంక పలక తడపాలి. పుండ్లు అబద్ధం. ఏ ఎండాకాలమూ ఒక్క పుండు కూడా పడలేదు. ఉన్నదల్లా సిగ్గు. పుండ్లకు కోయించుకున్నవాణ్ణి ఊరు అయ్యో అంటుంది. సిగ్గుకు కోయించుకున్నవాడి మీద ఊరు ఎట్లాంటి కతలు అల్లుతుందో నాకు తెలుసు, అల్లేవాళ్ళలో మొదటి వరస నాదే. డాక్టరమ్మకూ అదే చెప్పినాను, ఇప్పుడు మీకూ అదే చెప్పబోయినాను.

మందు పూసిన మాట కూడా అబద్ధమే. కానీ అది నేను కల్పించింది కాదు. ఆ రోజు దాకా రెండేళ్ళుగా ఆమె నా ఛాతీ చూడనే లేదు. నా బనీన్లు ఉతికేది ఆమే, ఏనాడూ రసి మరక చూసి ఉండదు. ఇంట్లో చక్కెర పెట్టుకుని పక్కింటివాళ్ళకు లేదని చెప్పడానికి కూడా నోరు రాని మనిషి.

ఎందుకట్ల చెప్పినావని పెళ్ళయినాక ఒకసారి అడిగినాను.

"చేతులు తల మీద పెట్టుకుని నిలబడినావు. నీ నోటికి ఒక్క మాట రాలేదు. అట్ల నిన్ను ఎన్నడూ చూళ్ళేదు బావా" అని, ఇటు తిరుగు అనింది.

గీతలు మెత్తబడటానికి డాక్టరమ్మ ఒక మందు రాసిచ్చింది, అది రోజూ ఆమే పూస్తుంది. ఎడమ పక్క ఇంకా స్పర్శ రాలేదు. పూస్తా ఉందో లేదో కళ్ళతో చూస్తేనే తెలుస్తుంది. అందుకని తల వంచి చూస్తా ఉంటాను.