ముప్పై ఒక్క మెట్లు

కట్టబోయే భవనాలకూ తోటలకూ అట్టతో, బంకతో చిన్న నమూనాలు చేయడం ఆయన పని. ముప్పై ఏళ్ల నుంచీ అదే పని. వెంట్రుకవాసి తేడా వచ్చినా పీకి మళ్లీ అతికిస్తాడు కాబట్టి ఆఫీసులో మిల్లీమీటరు గారని పేరు పడింది. ఆ పేరంటే పైకి విసుగు, లోపల గర్వం. ఇంకొకరికి వంక పెట్టనిదే ఆయనకు ముద్ద దిగదు.

ఊరి మధ్యలో రైళ్లు తిరగడం ఆగిపోయిన ఎత్తైన వంతెన ఒకటుంది. దాని మీద తోట వేసే పనిని ఆఫీసు యజమాని, అంటే పెద్దసారు, పట్టుకొచ్చాడు. అప్పటికే పదేళ్లుగా పట్టాల మధ్య గడ్డీ, పూలమొక్కలూ, రెండు మూడు పిచ్చిచెట్లూ ఎవరూ పిలవకుండానే మొలిచి ఉన్నాయి. పెద్దసారు వాటన్నిటినీ చెక్కించి పారేసి, ప్రకృతి తనంతట తాను వచ్చినట్టుండాలంటూ పద్నాలుగు షీట్ల డ్రాయింగు గీశాడు.

"ఉన్న ముక్కు కోయించుకుని మైనం ముక్కు పెట్టుకునే రకం," అన్నాడు మిల్లీమీటరు గారు ఇంటికొచ్చి.

ఈ తిట్లన్నీ వినేది భార్య. ఆ వంతెన కిందే, మూడో కమానులో ఆమె కుట్టుపని దుకాణం. రైళ్లు తిరిగిన రోజుల్లో బల్ల మీది కత్తెర అదురుతూ అంచుదాకా జరిగేది. ఆమె తలెత్తకుండానే చెయ్యి చాచి పట్టుకునేది. మిషను తొక్కీ తొక్కీ కుడి మోకాలు అరిగిపోయింది. ఆమె కోరిక ఒక్కటే. ఇన్నేళ్లూ తన నెత్తి మీదుగా ఏం పోయిందో ఆ చోట ఒకసారి కూర్చుని చూడాలి. మూడో కమాను పక్కనే లిఫ్టు వస్తోందని మొగుడు చెప్పిన వారంలోనే కొత్త చెప్పులు కొనుక్కుని, పెట్టె విప్పకుండా దాచుకుంది.

ఒకరోజు పెద్దసారు నమూనాల గదిలోకి వచ్చాడు. బల్ల నిండా వంతెన. మీటరుకు సెంటీమీటరు చొప్పున చేసింది. ఎండిన పూలకాడలతో చెట్లు, గోనెపీచుతో గడ్డి, బియ్యపు గింజంత బల్లలు. మూడో కమాను పక్కన పారదర్శకమైన ప్లాస్టిక్ ముక్కతో లిఫ్టు.

"ఈ డబ్బా తీసెయ్యండి. దూరం నుంచి చూస్తే వంతెన ఒకే గీతలా ఉండాలి. ఇది మొహం మీద మొటిమలా ఉంది."

"మరి ఎక్కలేనివాళ్లు సార్?"

"మెట్లున్నాయిగా." పెద్దసారు వంగి చూశాడు. "ఇన్నేంటండీ? చూస్తేనే ఆయాసం వస్తోంది."

"అరవై రెండు సార్. కట్టేవి అన్నే."

"ఇందులో సగం చెయ్యండి. నమూనా అంటే కొలత కాదండీ, అనుభూతి."

సగం చేస్తే ఒక్కో మెట్టూ మోకాలెత్తు అవుతుంది. మనుషులు కాదు, ఒంటెలు ఎక్కాలి. ఈ మాట ఆయన నాలిక చివరిదాకా వచ్చింది. ఇంట్లో పులే గానీ బయట పిల్లి కదా, "సరే సార్" అన్నాడు.

గాడిదలకి గాడిద మెట్లు చాలని గొణుక్కుంటూ ముప్పై ఒక్క మెట్లూ కోసి అతికించాడు. అతికించిన బొమ్మ మనిషికి మెట్టు దాదాపు మోకాలి దాకా వస్తోంది. ఆఫీసులో పెద్ద చదువులు చదివిన పన్నెండు మంది దాని చుట్టూ తిరిగారు. ఒక్కడికీ కనబడలేదు. ఆ గుడ్డితనం చూసి రెండు వారాలు తనలో తాను నవ్వుకున్నాడు. లిఫ్టు తీసేసిన సంగతి ఇంట్లో మాత్రం చెప్పలేదు. పేట జనాన్ని పిలిచి అడుగుతారుగా, అప్పుడు అందరూ లిఫ్టే అడుగుతారు, వీళ్ల గాలి దానంతటదే పోతుందనుకున్నాడు.

బడి హాల్లో సభ పెట్టి, నమూనాని మధ్యలో ఉంచారు. మూడో కమాను దగ్గర లిఫ్టు కావాలా, ఆ చోట చిన్న తోపు కావాలా, చేతులెత్తి చెప్పమన్నాడు పెద్దసారు. మెట్లు కొన్నే కదా, మీరే చూడండన్నాడు.

లిఫ్టు మాట విని, జనంలో కూర్చున్న భార్య మొగుడి వైపు చూసింది. ఆయన పైకప్పు చూశాడు. ఆమె ముందుకొచ్చి, కళ్లజోడు సర్దుకుని, జాకెట్టుకి గుచ్చుకున్న గుండుసూది తీసి, దాని మొనతో ఒక్కో మెట్టునూ తాకుతూ లెక్కపెట్టింది.

"ముప్పై ఒకటేనమ్మా," అంది పక్క దుకాణాల ఆడవాళ్లతో. "మా ఇంటికే ముప్పై నాలుగు ఎక్కుతున్నాను. చెట్లే వెయ్యమందాం, అందరికీ నీడ."

"ఇన్నే కడతారంటావా వదినా?"

"చేసింది మా ఆయన. ఆయన చేతిలో మెట్టు తప్పదు."

తోపు కోసం మొదట లేచింది ఆమె చెయ్యే. దాన్ని చూసి మిగతా చేతులు లేచాయి. పెద్దసారు మిల్లీమీటరు గారి భుజం తట్టి, "మీ నమూనాయే గెలిపించిందండీ," అన్నాడు.

అప్పుడైనా నోరు విప్పొచ్చు. ఉద్యోగం పోతుందనే భయం కూడా కాదు. మిల్లీమీటరు గారు దొంగ కొలత చేశాడని అంతమందిలో తన నోటితోనే చెప్పుకోవాలి. పన్నెండు మందిని గాడిదలన్న నోరు ఆ ఒక్క మాట దగ్గర మూతపడింది. ఛీ, అదీ ఒక గర్వమేనా.

మెట్లూ తోటా రెండేళ్లు రేకుల మాటున కట్టారు. ఆ రెండేళ్లూ రోజూ పెద్దసారుని తిట్టాడు గానీ, మెట్ల ఊసెత్తలేదు. తెరిచిన రోజు, జనం ఎక్కువ, ఇంకోరోజు వెళ్దామన్నాడు. ఆమె వినలేదు. పెట్టె విప్పి కొత్త చెప్పులు వేసుకుంది.

ఒక చేత్తో రెయిలింగు, ఇంకో చేత్తో మోకాలు పట్టుకుని, పైకే లెక్కపెడుతూ ఎక్కింది. ఇరవై తొమ్మిది. ముప్పై. ముప్పై ఒకటి. అక్కడ చిన్న చదును. దాని మలుపు తిరిగితే పైన మళ్లీ అన్ని మెట్లు. పక్కనుంచి కుర్రకారు రెండేసి మెట్లు దూకుతూ పోతున్నారు.

ఆమె ఆ చదును మీదే కూలబడింది. ఊపిరి కూడదీసుకుంది. చెప్పులు విప్పి పక్కన పెట్టుకుంది.

"ఆ పెద్దసారు వెధవ..." అని మొదలుపెట్టాడాయన.

"నేను ఆయన్ని చూసి చెయ్యెత్తలేదండీ," అంది.

ఆయన చెయ్యి అందించాడు. ఆమె చెప్పులు ఒక చేత్తో, రెయిలింగు ఒక చేత్తో పట్టుకుని కిందికి దిగడం మొదలుపెట్టింది.