పదిహేడో పేరు

ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటారు. మా పెదనాన్న బతుకంతా ఆ సామెతే. దేశానికి స్వాతంత్ర్యం కావాలని పరాయి రాజధానుల్లో పద్నాలుగేళ్లు కాళ్లరిగేలా తిరిగారు. అది వచ్చాక శాంతి కావాలని ఇంకో ఇరవై ఏళ్లు తిరిగారు. పెళ్లి చేసుకోలేదు. తీరిక లేదట.

మొదటిసారి ఆయన విదేశం వెళ్లింది మా నాన్న పెళ్లికోటు తొడుక్కుని. నాన్న లారీ డ్రైవరు, భుజాలు వెడల్పు. పెదనాన్న బక్కపలచన. ఆ కోటు ఆయన ఒంటిమీద కొక్కేనికి తగిలించినట్టు వేలాడేదట. "నువ్వెళ్లి మాట్లాడన్నయ్యా, ఇంటి సంగతి నేను చూసుకుంటా" అన్నాడట నాన్న. పద్నాలుగేళ్లు చూసుకున్నాడు. పరాయి మంత్రుల గదుల బయట బెంచీల మీద కూర్చుని కూర్చుని పెదనాన్న నడుము పాడైంది. ఆ మాట నేను కాదనను. మన జెండా ఎగిరిన రోజు నాన్న నన్ను భుజాలకెక్కించుకుని, "చూడవే, మీ పెదనాన్న తెచ్చాడు!" అని గొంతు పోయేలా అరిచాడు.

ఆ తర్వాత మూడేళ్లకు పొరుగుదేశంతో సరిహద్దు తగాదా మొదలైంది. సిమెంటు బస్తాలతో వెళ్లిన నాన్న లారీని అవతలివాళ్లు పట్టుకున్నారు. గూఢచారి అన్నారు. దారి తప్పితే తిట్టుకుంటూ బండి వెనక్కి తిప్పుకోవడం తప్ప మా నాన్నకు వేరే విద్య తెలియదు. రెండేళ్లు జైల్లో ఉన్నాడు. అమ్మ రోజూ పెదనాన్న గది ముందు నిలబడి ఒకటే అడిగేది: "మీ తమ్ముడు ఎప్పుడొస్తారు బావగారూ?"

చివరికి ఖైదీల మార్పిడికి ఒప్పందం కుదిరింది. కుదిర్చింది పెదనాన్నే. మొదటి విడతలో ఇటు నలభై మంది, అటు నలభై మంది. ఎక్కువకాలంగా లోపలున్నవాళ్లను ముందు వేసిన జాబితాలో మా నాన్నది పదిహేడో పేరు. అందులో ఎవరి దయా లేదు. అమ్మ ఇల్లంతా కడిగింది.

పెదనాన్న ఏదైనా పెన్సిలుతోనే రాసేవారు. చర్చల్లో మాట మారుతుంటుంది, పెన్సిలైతే చెరిపి మళ్లీ రాసుకోవచ్చు అనేవారు. అలాంటి మనిషి సంతకాల ముందురోజు సిరా పెన్ను తీసి పదిహేడో పేరు కొట్టేశారు. సొంత తమ్ముడి కోసమే ఒప్పందం చేసుకున్నాడని లోకం అంటుందట. అప్పటికి లోకం ఏమీ అనలేదు.

"రెండో విడతలో వస్తాడులేమ్మా" అన్నారు అమ్మతో, అద్దంలో టై సరిచేసుకుంటూ.

"మరి ఆయన చోట్లో ఎవరొస్తున్నారు బావగారూ?"

ఎవరూ రావడం లేదు. కొత్త పేరు చేర్చాలంటే రెండు పక్షాలూ మళ్లీ కూర్చోవాలి. అంత ఆలస్యమైతే ఒప్పందమే చెడుతుందని ఆ చోటు ఖాళీగా వదిలేశారు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్న సామెతే. లెక్క సమానంగా ఉండాలి కదా, మన జైల్లో ఉన్న అవతలివాళ్ల మనిషి కూడా ఒకడు ఆగిపోయాడు. వాడింట్లోనూ ఎవరో ఇల్లు కడుక్కునే ఉంటారు.

సరిహద్దు గేటు దగ్గర నలభై సీట్ల బస్సు ఆగింది. ముప్పై తొమ్మిది మంది దిగారు. సంగతి తెలిసి కూడా అమ్మ బస్సెక్కి సీట్ల కింద చూసింది. "ఇంకెవరూ లేరమ్మా, దిగండి" అన్నాడు డ్రైవరు. పత్రికలవాళ్లు పెదనాన్నకు ఫొటోలు తీస్తున్నారు.

నాలుగు నెలలకు అవతలి ప్రభుత్వం మారింది. రెండో విడత లేదు. నాన్న ఆ జైల్లోనే ఇంకో ఆరేళ్లు దగ్గి దగ్గి పోయాడు. బట్టల మూట మాత్రం పంపారు. అందులో చొక్కా విప్పి చూసి, "ఇది ఆయనది కాదు, ఆయన భుజాలు ఇంత సన్నం కాదు" అంది అమ్మ. అది ఆయనదే.

ఈ త్యాగానికి పెదనాన్నకు పతకం ఇచ్చారు. బడిపుస్తకంలో పాఠం పెట్టారు. పంతులమ్మ గర్వంగా నన్నే నిలబెట్టి చదివించింది.

ఇప్పుడాయనకు తొంభై ఒకటి. చూపు పోయింది. అమ్మ కూడా పోయింది, ఆయనకు నేనే దిక్కు. కోపం లేదా అని అడుగుతుంటారు జనం. ఉంది, బోలెడంత ఉంది. అయినా వేళకు అన్నం పెడతాను, దుప్పట్లు మారుస్తాను. గోడ మీద అద్దం బిగించిన ఆ జాబితాను రోజూ పొద్దున టీ తాగాక చదివి వినిపించమంటారు. తాను విడిపించినవాళ్ల పేర్లు వింటే ప్రాణం కుదుటపడుతుందట. చదువుతాను. పదహారు పేర్లయ్యాక "పదిహేడు" అని ఆగుతాను. ఆ సిరా గీత ఇంకా వెలిసిపోలేదు. మనసులో వంద లెక్కపెట్టేదాకా నోరు విప్పను. ఆయన దుప్పటి అంచు నలుపుతూ ఉంటారు.

నిన్న ఆ వందలోపే నోరు తెరిచారు. "అమ్మాయ్, తప్పు చేశానే. నన్ను క్షమించవూ?"

నేను అద్దం ముందుకెళ్లి జడ సరిచేసుకున్నాను.

"రెండో విడతలో చూద్దాంలే పెదనాన్నా."

ఆయన ముఖం గోడవైపు తిప్పుకున్నారు. నేను పద్దెనిమిదో పేరు చదివాను.