మిల్లు టైము

మొన్న బొబ్బిలిలో దగ్గర బంధువుల పెళ్ళికి అందరం బయలుదేరుతుంటే మా మనవరాలు, అంటే మా రెండో అమ్మాయి కూతురు, తాను రానని తేల్చి చెప్పేసింది. ఎందుకే అంటే, ఆ ఆదివారం ఎక్కడో తెల్లవాళ్ళ దేశంలో గడియారాలన్నీ గంట ముందుకు జరుపుకుంటారట. వాళ్ళ కంప్యూటర్లన్నిటికీ ఆ మార్పు సరిగ్గా ఎక్కిందో లేదో ఇది విజయనగరంలో మా ఇంటి వసారాలో కూర్చుని చూసుకోవాలట. ఒక కంప్యూటరు పాత టైములోనే ఉండిపోతే కొంప మునిగిపోతుందా అని అడిగాను. ఏముంది అమ్మమ్మా, ఎవరో ఒకరు లోపలికి రాలేక బయట ఉండిపోతారు, అంతే, అంది నవ్వుతూ. దానికి నవ్వు వచ్చింది గాని నాకు రాలేదు.

ఈ పని నేను చేసిందే. అరవైల చివర్లో, చీపురుపల్లి వైపు మా ఊరి జూట్ మిల్లులో, కంప్యూటరు అనే మాట కూడా మా చెవిన పడని రోజుల్లో, వెదురు నిచ్చెన వేసుకుని చేశాను. మిషన్ స్కూల్లో మెట్రిక్ పాసయ్యానని పాస్టరుగారు సిఫారసు చేస్తే నన్ను టైమాఫీసులో గుమాస్తాగా తీసుకున్నారు. ఆ గదిలో ఆడపిల్లని నేనొక్కదాన్నే. మా నాన్న నా చిన్నప్పుడే పోయాడు. మా అమ్మ అదే మిల్లులో గోగునార చిక్కులు తీసే పనిలో ఉండేది, అదీ పర్మినెంటు పని. ఆ మాట పలికేటప్పుడు మా అమ్మ మెడ కాస్త నిటారుగా అయ్యేది. ఆ పనితోనే నన్ను చదివించింది, ఆ పనితోనే ఇంటి మీద పెంకు వేయించింది.

ఆ ఏడాది కృష్ణా జిల్లా వైపు నుంచి కొత్త మేనేజరు వచ్చాడు. మా వైపు యాస వింటేనే ఆయన మొహం చిట్లించేవాడు. వచ్చిన మొదటి వేసవిలోనే ఒక ఆర్డరు వేశాడు. ఉగాది వెళ్ళిన మొదటి సోమవారం నుంచి తొలకరి పడేదాకా మిల్లు గడియారాలన్నీ గంట ముందుకు నడవాలి, ఎండ ముదరకుండానే పని మొదలవుతుంది, ఇదంతా కూలీల మేలుకే అన్నాడు. పొద్దున్న పెందలాడే మొదలైన పని సాయంత్రం పెందలాడే అవ్వాలి కదా, అది మాత్రం ఎప్పుడూ అయ్యేది కాదు. ఏదో ఒక అర్జంటు సరుకు అడ్డొచ్చేది. ఆ తర్వాత మా ఊళ్ళో రెండు టైములు నడిచాయి, మిల్లు టైము ఒకటి, రైలు టైము ఒకటి. ముహూర్తం చెప్పిన పంతులుగారిని సైతం ఏ టైమండీ అని అడిగేవారు. ఒకసారి మగపెళ్ళివారు మిల్లు టైముకి దిగిపోయి, ఇంకా పందిట్లో తాటాకులు కప్పుతున్న ఆడపెళ్ళివారిని చూసి అలిగి కూర్చున్నారు. నా ఈడు వాళ్ళెవరైనా ఆ చుట్టుపక్కల ఉంటే ఇది చదివి నవ్వుకుంటారు.

ఆ గడియారాలు తిప్పడమూ ఒక విద్యే. గంటలు కొట్టే గోడ గడియారాన్ని ముందుకు తిప్పొచ్చు గాని వెనక్కి తిప్పకూడదు, తిప్పితే లోపల మర పాడవుతుంది. తొలకరి వచ్చాక వెనక్కి జరపాలంటే లోలకం ఆపేసి, గంటసేపు దాని ఎదురుగా కూర్చుని మళ్ళీ ఆడించేదాన్ని. మేనేజరు కళ్ళబడకుండా హాయిగా కూర్చోగలిగిన గంట ఏడాది మొత్తానికి నాకు అదొక్కటే.

ఇక గేటు సంగతి. పొద్దున మిల్లు కూత కూయగానే గేటుకి తాళం పడేది. వాచ్‌మన్లయితే తెలిసినవాళ్ళని చూసి మెత్తబడతారని ఆ తాళంచెవి వాళ్ళ దగ్గర్నుంచి తీసి టైమాఫీసులో నాకు అప్పగించాడు మేనేజరు.

ఆ మొదటి సోమవారానికి పన్నెండు రోజుల ముందు కళింగపట్నంలో మా అమ్మమ్మ పోయింది. మా అమ్మ సెలవు పెట్టి వెళ్ళింది. సెలవు ముగిసి ఆ సోమవారమే పనిలోకి రావాలి, రాకపోతే పర్మినెంటు పేరు కొట్టేస్తారు. గడియారాలు మారతాయని శనివారం సాయంత్రం డప్పు వేయించారు గాని ఆ డప్పు కళింగపట్నం దాకా వినబడదు కదా. కబురు పంపడానికి నాకు మనిషి దొరకలేదు. దినం భోజనాలు ముగించుకుని, తెల్లవారకముందే బస్సెక్కి, మూట చంకన పెట్టుకుని, ఇంటికైనా పోకుండా మా అమ్మ నేరుగా గేటు దగ్గరికి వచ్చింది. రైలు టైము ప్రకారం ఇంకా పొద్దుంది. మిల్లు టైము ప్రకారం తాళం పడి చాలాసేపయింది.

తాళంచెవి నా చేతిలోనే ఉంది. నేను గేటు దగ్గరికి పరిగెత్తేసరికి మేనేజరు నా వెనకే వచ్చి నిలబడ్డాడు. అమ్మకి గడియారం సంగతి తెలియదని, అమ్మమ్మ పోతే వెళ్ళి ఇప్పుడే బస్సు దిగిందని బతిమాలాను. ఆయన మా అమ్మని చూడనైనా చూడలేదు, నన్నే చూస్తూ చెప్పాడు.

"తాళం పడ్డాక ఎవరొచ్చినా తియ్యకు. నేనొచ్చినా తియ్యకు. అర్థమైందా?"

నేను తాళం మీద చెయ్యి వేశాను. తీసేసేదాన్నే. ఊచల్లోంచి మా అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"తియ్యకమ్మా. నీ పని కూడా పోతాది. ఒక్కలం బైటుంటే సాలు."

ఆ రోజుతో మా అమ్మ పర్మినెంటు పోయి బద్లీ కూలీ అయిపోయింది. బద్లీ అంటే రోజూ పొద్దున్నే వచ్చి గేటు బయట కూర్చోవాలి, లోపల ఎవరైనా పనిలోకి రాకపోతే వాళ్ళ బదులు పిలుస్తారు, లేదంటే ఉసూరుమంటూ ఇంటికి పోవాలి. కన్నతల్లి బయట కూర్చుని ఉండగా రోజూ ఆమె కళ్ళ ముందే తాళం వేసేదాన్ని నేను. క్షమించమని ప్రతి ఆదివారం చర్చిలో చెప్పేవారు, నేను తల వంచుకుని వినేదాన్ని. లోపల మాత్రం ఒళ్ళు మండిపోతూ ఉండేది. మేనేజరు కాలు జారి పడాలనో జబ్బు పడాలనో నేనెప్పుడూ కోరుకోలేదు. ఆయన ఆ ఊచలకి అవతల నిలబడాలి, తాళంచెవి నా చేతిలో ఉండాలి, అంతే నా కోరిక.

మరుసటి ఏడు ఉగాదికి ముందు మేనేజరు కలకత్తా వెళ్ళాడు, మిల్లు యజమాని సేటుగారిని వెంటబెట్టుకు రావడానికి. సరిగ్గా ఆ సోమవారం పొద్దున్నే మెయిలు రైలు దిగుతారని కబురొచ్చింది. అసిస్టెంటు మేనేజరు మెతక మనిషి, మేనేజరు దొరగారు వచ్చాకే గడియారాలు మారుద్దామా అన్నాడు. ఉగాది వెళ్ళిన మొదటి సోమవారం అని వారే కదా అన్నారు, ఆలస్యమైతే మిమ్మల్ని తిడతారేమో చూసుకోండి అన్నాను. ఆయన బెదిరిపోయి సరేనన్నాడు. ఆదివారం ఆరాధన ముగిశాక వెళ్ళి అన్ని గడియారాలూ నా చేత్తోనే ముందుకు తిప్పాను. ఆ సాయంత్రమే మా మావయ్య ఇంటికి వెళ్ళాను. ఆయన మా అమ్మ తమ్ముడే, మేనేజరు కారు నడిపేవాడు, సోమవారం స్టేషనుకి వెళ్ళేదీ ఆయనే. దొర అడిగితే చెప్పు, అడక్కపోతే మాత్రం టైము ఊసెత్తకు అన్నాను. మావయ్య "ఆ మాత్రం నాకు తెల్దేటే," అన్నాడు.

మేనేజరు అడగలేదు. చేతి గడియారం చూసుకుని, కూలీలు వరసగా లోపలికి వచ్చే సొంపు సేటుకి చూపించవచ్చనుకుంటూ వచ్చాడు. గేటు మూసి ఉంది. హారను కొట్టించాడు. నేను మెల్లగా నడిచి ఊచల దగ్గరికి వెళ్ళాను. తియ్యమన్నాడు. స్కూల్లో నేర్చిన తెలుగు నాకూ వచ్చు, ఆఫీసులో అదే మాట్లాడేదాన్ని. కాని ఆ రోజు కావాలనే మా అమ్మ మాటలో చెప్పాను.

"కూత అయిపోనాది బాబూ. మీరొచ్చినా తియ్యొద్దని మీరే సెప్పినారు."

ఆయన తలెత్తి గేటు మీది గడియారం చూశాడు, తన చేతి గడియారం చూసుకున్నాడు, అప్పుడు గుర్తొచ్చింది. మొహం నల్లబడిపోయింది. ఏమిటి సంగతని సేటు అడిగాడు. నాకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో ఆ నియమం ఎవరిదో, ఎలా పుట్టిందో నేనే చెప్పాను. మిల్లు మీది కాబట్టి మీకు ఆ నియమం లేదని గేటులోని చిన్న తలుపు తీసి సేటుని లోపలికి రానిచ్చి, మేనేజరు అడుగు వెయ్యబోతుంటే మళ్ళీ తాళం వేశాను. సేటు ఒకసారి వెనక్కి చూసి, నవ్వి, లోపలికి వెళ్ళిపోయాడు. కారు మావయ్య తీసుకుపోయి దూరంగా పెట్టాడు. టిఫిను గంట కొట్టేదాకా మేనేజరు బయటే ఉండిపోయాడు. షెడ్డులోంచి ఆడవాళ్ళు వంతులు వేసుకుని వచ్చి చూసి వెళ్ళారు. ఎంత బాగుందో చెప్పలేను. ఇన్నేళ్ళు గడిచినా ఆ పూట తలుచుకుంటే కడుపు నిండుతుంది.

ఒక్కటే నాకు నచ్చలేదు. బద్లీ వాళ్ళతో పాటు మా అమ్మా బయటే ఉంది. కాసేపు చూసి లేచి, తాను కూర్చున్న గోడ నీడలో ఆయనకి చోటిచ్చి, తన చెంబులో నీళ్ళు ఇచ్చింది. ఆయన తాగాడు కూడా. ఇంటికి వచ్చాక అమ్మ మీద విరుచుకుపడ్డాను, నీ కోసమే కదా చేశాను, నువ్వేమో నీళ్ళిచ్చి కూర్చోబెడతావా అని. అమ్మ గిన్నెలు తోముతూ తలెత్తకుండానే అంది.

"ఆడు బైట నిలబడితే నాను లోపలికొచ్చినట్టేటి?"

మిల్లు టైము ఆ ఏడాదితోనే ఎత్తేశారు. మేనేజరుని కలకత్తా పిలిపించుకున్నారు. సేటు నవ్వాడు కాబట్టి నా పని నిలిచింది. పోయిన పర్మినెంటు మాత్రం మా అమ్మకి ఎవరూ తిరిగి ఇవ్వలేదు, నేను ఎన్ని అర్జీలు పెట్టినా.

ఇప్పుడా మిల్లు లేదు. గేటూ లేదు, ఆ చోట ఇళ్ళ స్థలాలకి రాళ్ళు పాతారు. మా ఊళ్ళో ఏ టైమని అడిగేవాళ్ళు లేరు, కూత వినక ఒక తరం దాటింది. ఎవరి టైము వాళ్ళ జేబులోనే ఉంది, ఆలస్యమైతే నీదే తప్పంటుంది తప్ప ఎదురుగా నిలబడి తిట్టుకోవడానికి ఒక మనిషి మొహమైనా కనబడదు. వయసు మళ్ళితే కోపాలు చల్లారతాయంటారు, నాది చల్లారలేదు. ఎలా చల్లారుతుంది? ఆ సోమవారం తర్వాత మా అమ్మ బతికినన్నాళ్ళూ ఎక్కడికి వెళ్ళినా గంట ముందే వెళ్ళేది. చర్చికి, రేషను షాపుకి, ఆసుపత్రికి, చివరికి నా పెళ్ళికి కూడా అందరికంటే ముందు వెళ్ళి మూసిన తలుపు ముందు మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. మేనేజరుని నేను బయట నిలబెట్టింది ఒక్క పూట. మా అమ్మ ఆ తర్వాత బతుకంతా బయటే కూర్చుంది.