అలుపేనక్కా అన్నది

ఆ ఆదివారం పొద్దున అలివేలు తన అక్క గంగరత్న చీరకు ఫాల్ కుట్టింది. అదే ఆమె చేసిన ఆఖరి మామూలు పని. బెంగళూరు దగ్గరి హొసకోటె ఇంటి వసారాలో గోడకు ఆనుకుని కూర్చుని, ఒంటిచేత్తో ముడి వేసి, ఒక్కో ముడినీ బిగించి లాగుతూ కుట్టింది. గంగరత్న చూసి నవ్వింది.

"ఇది ఫాలా, ఆపరేషన్ చేసిన కడుపా? విప్పాలంటే మళ్ళా నిన్నే పిలవాల."

"నా ముడి ఊడదు. మా ప్రొఫెసర్ మేడమ్‌నే అడుగు."

"అడిగినాములే. పోయినసారి ఫెయిల్ చేసిందెవరు?"

"అట్లే అను. పాసైనాక నీకు ఫాలూ లేదు, ఏమీ లేదు."

1998 మే నెలలో ఆ ఇంట్లో వేరే మాట లేదు. అలివేలు కాన్పుల డాక్టరు చదువు ఆఖరి పరీక్షకు ఇంకా పది రోజులున్నాయి. ఈసారి తప్పితే మళ్ళీ ఆరు నెలలు ఆగాలి.

గంగరత్న పన్నెండేళ్ళు పెద్దది. తల్లి పోయాక చెల్లెలికి జడ వేసింది, బడిపంతులమ్మ జీతంతో చదువు చెప్పించింది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, ఆ పైన ఇంగ్లీషు పుస్తకాలతో కుస్తీ పట్టి అలివేలు డాక్టరయింది. ఎంట్రన్సు రెండోసారి రాస్తే బెంగళూరులోని ఒక పెద్ద ఆసుపత్రిలో పై చదువుకు సీటు వచ్చింది.

ఆ మూడేళ్ళలో గంగరత్న చూసింది ఎక్కువగా నిద్రపోతున్న చెల్లెలినే. ముప్పై ఆరు గంటల డ్యూటీ దిగి బస్సెక్కేది. హొసకోటె స్టాండులో కండక్టరు లేపితే దిగేది. కలిపిన అన్నం చేతిలో ఉండగానే కునుకు పట్టేది. కిందటి అక్టోబరు పరీక్షకు కూడా అట్లాగే డ్యూటీ నుంచి నేరుగా వెళ్ళింది. కడుపులో బిడ్డ తల ఎటుందని అడిగితే, చెయ్యి సరైన చోటే పెట్టి, నోటితో తప్పు చెప్పింది.

జనవరిలో ఒక రోజు ఆమె ఎడమ చూపుడువేలికి చిన్న కట్టు కనిపించింది. ఆపరేషన్ చేస్తుంటే సూది గ్లవుజు దాటి గుచ్చుకుందట.

"మందు సూది వేసుకోకూడదా దానికి?"

"వేసుకోవాలంటే పైవాళ్ళకు రాసియ్యాల. రాసిస్తే మూడు వారాలు ఆపరేషన్ థియేటర్ గడప తొక్కనీయరంట. నేను చేయాల్సిన ఆపరేషన్లు ఇప్పటికే తక్కువ ఉండాయి. లెక్క తగ్గితే పరీక్షకే కూర్చోనీయరు."

"అట్లని ఎవరు చెప్పినారు?"

"సీనియర్లు. సుమ్నె ఊరుకోక్కా, అందరికీ గుచ్చుకుంటాది."

గంగరత్న అన్నం వడ్డించింది.

ఫాల్ కుట్టిన ఆదివారం మధ్యాహ్నం అలివేలు నాలుగు ముద్దలు తిని, లేచి వెళ్ళి కక్కుకుంది. తిరిగొచ్చి మొహం తుడుచుకుంటుంటే గంగరత్న వెలుతురులోకి తిప్పి చూసింది.

"కండ్లు పచ్చగా ఉండాయి."

"అలుపేనక్కా."

"నువ్వు డాక్టరువా, నేనా?"

"డాక్టరును కాబట్టే చెప్తా ఉండా. పరీక్ష అయిపోనీ, రక్తం చూపించుకుంటా. ఇప్పుడు చూపిస్తే పండబెడతారు."

అప్పుడు గంగరత్న అన్న మాట ఒకటుంది. దాన్ని ఆ తర్వాత ఆమె ఎవరికీ చెప్పలేదు. చెల్లెలి భుజం మీద చెయ్యి వేసి, "సరే, పది దినాలు ఓర్చుకో తల్లీ" అంది. మళ్ళీ ఆరు నెలలు ఈ బతుకు సాగదని భయపడింది. ఎవరి బతుకు గురించి ఆ భయం అని ఇప్పటికీ తేల్చుకోలేకపోతోంది.

సోమవారం వార్డులో గర్భిణిని పరీక్షిస్తూనే అలివేలు కూలిపోయింది. సాయంత్రానికి మాట తడబడింది. సూది పోటుతో రక్తంలో చేరే కామెర్లు అన్నారు డాక్టర్లు, కాలేయం అప్పటికే చెడిందన్నారు. గురువారం పోయింది. ఇరవై తొమ్మిదేళ్ళు.

ఆ వార్డులో ఆయాగా పనిచేసే చిక్కమ్మ గంగరత్న పక్కన నేలమీద కూర్చుని ఏడ్చింది. "మా డాక్టరమ్మలందరూ తూలతానే ఉంటారమ్మా. గోడకానుకుని నిలబడే నిద్రపోతారు. ఎవురిది అలుపో ఎవురిది జబ్బో మాకెట్ల తెలుస్తాది?"

జూలైలో చెల్లెలి సర్టిఫికెట్ల కోసం గంగరత్న ఆసుపత్రికి వెళ్ళింది. గుమాస్తా బీరువా తాళాలు వెతుకుతున్నాడు. చిక్కమ్మ సర్క్యులర్ల పుస్తకం చంకన పెట్టుకొచ్చి బల్లమీద పడేసింది. ఆఫీసు నుంచి వచ్చే నోటీసులన్నీ అందులో అంటించి ఉంటాయి. చదివామని కింద డాక్టర్లు సంతకాలు చేయాలి. చెల్లెలి చేతిరాత చూడాలనిపించి గంగరత్న పేజీలు తిప్పింది. ప్రతి నోటీసు కిందా ఉంది, తోక వంచిన 'అ'తో, హడావిడిగా.

"ఇవన్నీ చదువుతుండెనా చిక్కమ్మా?"

"ఎవురు చదువుతారమ్మా? కాన్పు దగ్గరుంటారు. నేను పుస్తకం పట్టుకుంటా, ఒక చేతి గ్లవుజు తీసి గీకేస్తారు."

కిందటి నవంబరు నోటీసు దగ్గర గంగరత్న చెయ్యి ఆగింది. సూది గుచ్చుకున్న డాక్టర్లు ఆ రోజే వచ్చి చెప్పాలని, మందు ఉచితంగా వేస్తారని అందులో ఉంది. కింద ఇంకొక్క వాక్యం: అట్లా చెప్పినందుకు ఎవరినీ థియేటర్ పని నుంచి తప్పించరు.

దాని కింద ఏడు సంతకాలున్నాయి. నాలుగోది అలివేలుది.