కార్బురేటర్‌కు బొట్టు

మా మామ తన కారు ఎక్కడం మానేసి పదేళ్లయింది. కారణం నేనే.

బాగలూరులోని ఆయన తోట నుంచి హోసూరుకు ఏళ్ల తరబడి గులాబీలు మోసిన కారు అది. నాది ఫ్యాక్టరీలో కొలతలు సరిచూసే ఉద్యోగం. వెంట్రుక మందం తేడా ఉన్నా ఒప్పుకోను. పెళ్లయిన కొత్తలో, పెట్రోలు తక్కువ తాగుతుందని, మామను అడక్కుండానే పాత కార్బురేటర్ పీకేసి కొత్తది పెట్టించాను. ఆయన ఒక్కసారి నడిపి దిగాడు. "దీని గొంతే పోయిందప్పా," అన్నాడు. ఆ తర్వాత ఎక్కడికి వెళ్లాలన్నా బస్సే.

పాతదాన్ని మాత్రం పారేయనివ్వలేదు. దేవుడి గూట్లో పెట్టి, ఏటా ఆయుధ పూజకు గంధం, కుంకుమ పెట్టేవాడు. నాకది నా మీద వేసిన కేసులా కనిపించేది.

ఈ ఏడాది నా భార్య తేల్చి చెప్పేసింది: "మా నాయనకు నచ్చజెప్పింది సాలు. పాతది బిగించు." కృష్ణగిరి నుంచి పాత కార్లు బాగుచేసే ఒక ముసలి మేస్త్రీని పిలిపించాను. కార్బురేటర్‌ను పెట్రోలుతో నేనే కడిగి, తుడిచి ఆయన చేతికిచ్చాను. మామ వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు కానీ దగ్గరికి రాలేదు.

గాలి కారకుండా మేస్త్రీ అట్ట కత్తిరించి అడుగున వేసి, పాతదాన్ని బిగించాడు. ఇంజిన్ అందుకుంది. నాకు ప్రాణం లేచి వచ్చింది. నేను యాక్సిలరేటర్ మీది నుంచి కాలు తీయగానే నల్లటి పొగ కక్కి ఆగిపోయింది. ఐదుసార్లు స్టార్ట్ చేసినా అంతే. మామ ముఖం తిప్పుకున్నాడు. నాకు ఒళ్లు మండి, "బిగించేది సరిగా రాకుంటే ఇట్లనే ఉంటాది," అని మేస్త్రీ మీద అరిచాను.

ఆయన పట్టించుకోలేదు. దాన్ని విప్పి, లోపలికి టార్చి వేసి చూసి, చీపురు పుల్లతో గెలికి, కాగితం మీద కాస్త పొడి రాల్చాడు. "గాలి పోయే సందు మూసుకోని ఉండాదప్పా. మురికి కాదు, గంధం. పూజ జాస్తి అయింది," అని చిన్నగా నవ్వాడు.

తప్పు మామదేనని లోలోపల గంతేశాను. నోరు తెరవబోయి ఆగిపోయాను. ఆయన చూపు మసకబారినప్పటి నుంచి పూజ పళ్లెం నా చేతికే ఇస్తున్నాడు. షిఫ్టుకు టైమవుతోందని తొందర, ఆయన మెచ్చుకోవాలని ఆశ. గంధం వేళ్లనిండా తీసి మెత్తేవాణ్ణి. అతి వినయం ధూర్త లక్షణమని ఊరికే అనలేదు. వెంట్రుక మందం ఒప్పుకోని నేను, ఎక్కడ మెత్తుతున్నానో చూసుకోనేలేదు.

మామ లేచి వచ్చాడు. "ఏముండె దాంట్లో?"

"దుమ్ము మామా."

ఆయన ఆ పొడిని వేళ్ల మధ్య నలిపి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "దుమ్ముకు గంధం వాసన యాడ్నుంచి వస్తాదప్పా?"

సిగ్గుతో చచ్చిపోయాను. "నేనే మామా. పూజకు మెత్తింది నేనే. ఆ పొద్దు మిమ్మల్ని అడక్కుండా దీన్ని పీకేసినాను, అదీ తప్పే." ఆ రెండో మాట పదేళ్లుగా నా గొంతులోనే ఉంది.

మేస్త్రీ దాన్ని వేడినీళ్లతో కడిగి, ఆరబెట్టి, మళ్లీ బిగించాడు. ఈసారి నేను కాలు తీసినా ఇంజిన్ ఆగలేదు. మామ బానెట్ మీద చెయ్యి పెట్టి చాలాసేపు విన్నాడు. తర్వాత అటువైపు తిరిగి వెళ్లి, నా పక్క సీట్లో కూర్చున్నాడు.

"తోలప్పా, గురుబరపల్లి దాకా పోయొస్తాం," అన్నాడు. "కాలు మెల్లగా పెట్టు. గంధం పెట్టినట్ల కాదు."