కిందికి జరిపిన కోర్సు

ఒక చిన్న బాణం గుర్తు ఎనిమిదేళ్లుగా నా గుండెల మీద కూర్చుని ఉంది. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. ఇందులో నన్ను నేను వెనకేసుకొచ్చే చోట్లు ఉంటాయి. కనిపెట్టి చదవండి.

మలేసియాలో మూడో ఫారంతో, అంటే తొమ్మిదో తరగతితో, బడి మానేసి పని కోసం సింగపూర్ వచ్చినదాన్ని. సెంబవాంగ్‌లో ఒక గోదాములో పెట్టెలకి చీటీలు అంటించేదాన్ని. సెలవు రోజంతా లైబ్రరీలోనే. చరిత్ర, చీమలు, నక్షత్రాలు, ఏది దొరికితే అది. మా ఇంట్లో ఏ ఫారం వచ్చినా నా దగ్గరికే తెచ్చేవారు. అది నాకు గర్వం. ఇప్పటికీ ఉంది.

అప్పుడు మా చెల్లెలి కూతురు యామిని కాలేజీకి దరఖాస్తు పెడుతోంది. ఆన్‌లైన్ ఫారంలో కోర్సుల్ని వరసగా పేర్చాలి. పైదానిలో సీటు దొరికితే కిందిది చూడరు. వాళ్ల నాన్న అకౌంటెన్సీని మొదట పెట్టించాడు. యామినికేమో లిబరల్ ఆర్ట్స్ అండ్ సైన్సెస్ కావాలి. గడువు ముగిసే రోజున వాళ్లంతా మలేసియాలోని ఇపోలో పెళ్లికి వెళ్లాలి. ముందురోజు బుకిట్ బటోక్ హాకర్ సెంటర్‌లో, తిండి దుకాణాల మధ్య బల్ల దగ్గర నా ఎదురుగా కూర్చుని, పాస్‌వర్డ్ రాసిన కాగితం నా చేతిలో పెట్టింది.

"నాన్న రోజూ తెరిచి చూస్తున్నాడు పెద్దమ్మా. రేపు సాయంత్రం నాది పైకి జరిపి సబ్మిట్ కొట్టెయ్. తర్వాత ఎవరూ మార్చలేరు. ప్లీజ్ లా!" అంది సింగపూర్ యాసలో.

"ఇంతకీ ఏం నేర్పుతారే అందులో?"

"అన్నీ! కొంచెం సాహిత్యం, కొంచెం బయాలజీ, కొంచెం ఫిలాసఫీ. అచ్చం నీలాగే. కాకపోతే నాకు సర్టిఫికెట్ ఇస్తారు."

నవ్వింది. నేనూ నవ్వాను.

మర్నాడు లైబ్రరీ కంప్యూటర్ ముందు కూర్చున్నాను. బాణం నొక్కి దాని కోర్సుని పైకి జరిపాను. చూశాను. మళ్లీ కిందికి జరిపి సబ్మిట్ కొట్టాను.

ఎందుకు? అన్నీ కొంచెం కొంచెం నేర్పే చదువుతో ఉద్యోగం రాదేమోనన్న భయం అనుకున్నాను. తండ్రి పెట్టిన వరసే కదా అనుకున్నాను. అంత మంచిదాన్నయితే దానికి ఆ మాట ఎందుకు చెప్పలేదు? ముప్ఫై ఏళ్లుగా ఒక్కొక్క పుస్తకం అరువు తెచ్చుకుని నేను కూడబెట్టుకున్నది, ఈ పిల్లకి పంతుళ్లు కూర్చోబెట్టి నేర్పి, పైన ముద్ర కూడా వేసిస్తారని ఒళ్లు మండింది. అది అసూయ. ఆ పేరు పెట్టడానికే నాకు ఇన్నాళ్లు పట్టింది.

ఫలితాలొచ్చాక ఫోన్ చేసింది. అకౌంటెన్సీ వచ్చింది, మార్కులు చాల్లేదా పెద్దమ్మా అని అడిగింది.

"చాల్లేదేమోనమ్మా," అన్నాను.

ఇప్పుడు యామిని పాయా లేబర్‌లో ఒక ఆఫీసులో అకౌంటెంటు. ఎవరైనా పుస్తకాల ఊసెత్తితే, నాకంత బుర్ర లేదు అంటుంది. అన్నప్పుడల్లా నా వైపు చూస్తుందేమోనని నేను దాని వైపు చూస్తాను. ఆ దరఖాస్తు పేజీలో కోర్సుల వరస చాలా రోజులు అలాగే ఉండి ఉంటుంది. ఎప్పుడైనా తెరిచి చూసిందా? ఈమధ్య ఫ్లాటు కోసం పెట్టిన దరఖాస్తు నాకు చూపించకుండా తనే ఎందుకు నింపుకుంది? పెద్దదైంది కాబట్టా? లేక ఒకసారి నన్ను నమ్మింది కాబట్టా?

పోయిన ఆదివారం ఒక కాగితం తెచ్చింది. అదే కోర్సు, ఉద్యోగం చేసేవాళ్లకి సాయంత్రం తరగతులు. దీనికి పాత మార్కులు చూడరట, అందుకే ధైర్యం చేస్తున్నా అంది. హమ్మయ్య, దానికేమీ తెలియదు అనుకున్నాను. వెంటనే మళ్లీ అంది: "సబ్జెక్టులు నువ్వు చెప్పు పెద్దమ్మా. బటన్ నేనే నొక్కుకుంటాలే."

నవ్వింది. ఆ హాకర్ సెంటర్ నవ్వేనా అది? ఎంత వెతికినా దాని ముఖంలో నాకేమీ దొరకలేదు. చరిత్ర తీసుకో అన్నాను, అంతే.

దాని ముందు నోరు పెగలనిది ఇక్కడ రాస్తున్నాను. క్షమించమని అడిగే అర్హత నాకు లేదు, మీరు ఇవ్వనూ లేరు. కానీ ఈ వాక్యం రాశాక ఊపిరి కొంచెం సులువుగా ఆడుతోంది: యామినీ, నీ మార్కులు చాలకపోవడం కాదు. ఆ కోర్సుకి వాటిని ఎవరూ చూడనే లేదు. నేను చూడనివ్వలేదు.