జట్టు మారని మనిషి

మా అత్తగారు పోయిన సంగతి బంధువుల కంటే ముందు మా ఊరి కబడ్డీ కుర్రాళ్ళకి తెలిసింది. గుంటూరు ఆసుపత్రి నుంచి అంబులెన్సు ఊళ్ళోకి వచ్చేసరికి అప్పుడప్పుడే తెల్లవారుతోంది. హైస్కూలు గ్రౌండులో ప్రాక్టీసు చేస్తున్నవాళ్ళు బండి నెమ్మదిగా పోవడం చూశారు. సైరన్ మోగడం లేదు. మేము ఇంటి ముందు దిగేలోపే వెనకాలే వచ్చి నిలబడ్డారు, మోకాళ్ళ నిండా మట్టితో, కాళ్ళకి చెప్పులు లేకుండా. ఆవిణ్ణి బండిలోంచి దించింది వాళ్ళ చేతులే. మధ్యాహ్నం పాస్టరు గారి ప్రార్థన మొదలయ్యే వేళకి సమాధి తవ్వింది కూడా వాళ్ళే.

చిలకలూరిపేట దగ్గర్లోని పల్లెటూరు మాది. మా అత్తగారు చిన్నప్పటి నుంచీ కూలిపనులే చేశారు. పత్తి తీసేవారు, మిరపకాయలు కోసేవారు, పనుల్లేని రోజుల్లో మిరప తొడిమలు తీయడానికి పోయేవారు. పిల్లలు చిన్నగా ఉండగానే మామగారు పోతే ఇద్దరు కొడుకుల్నీ ఆ కూలి మీదే పెంచారు. పెద్దాయన మా ఆయన, చిన్నవాడు మా మరిది. అయినా ఊళ్ళో ఆవిణ్ణి తలుచుకునేవాళ్ళు ఈ కష్టాలన్నీ వదిలేసి, "కబడ్డీ పెద్దమ్మ" అంటారు. కబడ్డీ అంటే ఆవిడకి అంత ఇది.

నాది సింగరాయకొండ వైపు. పెళ్ళయి వచ్చిన కొత్తలో అత్తగారు వంట గురించి అడుగుతారని భయపడుతూ కూర్చున్నాను. ఆవిడ టీ గ్లాసు నా చేతికిచ్చి, ఎదురుగా పీట వేసుకుని కూర్చుని, "మీ ఊళ్ళో టీముందా అమ్మాయ్?" అన్నారు.

నాకు అర్థం కాలేదు. "ఏం టీము అత్తయ్యా?"

"కబడ్డీ."

"ఉందేమోనండి. నేనెప్పుడూ చూళ్ళేదు."

"ఉందేమో ఏంటి. ఉంటే ఉంది, లేకపోతే లేదు." కాసేపు ఆలోచించి, "సరేలే, వంట వచ్చా?" అన్నారు. అది అడగాలి కాబట్టి అడిగినట్టు అడిగారు. నేను చెప్పిన జవాబు విన్నారో లేదో కూడా తెలియదు.

తర్వాత మెల్లగా తెలిసింది. పెళ్ళికి ముందు ఆవిడ కూడా ఆడేవారట. చేలో మధ్యాహ్నం అన్నాలు తిన్నాక ఆడపిల్లలంతా కొంగులు బిగించి, గట్టు పక్కన కర్రతో గీత గీసుకునేవారట. అవతల జట్టులోకి ఈవిడ కూతకెళ్తే ఆ కూత తెగేది కాదట. "ఊపిరి ఎక్కడ దాచిపెట్టావే అనేవాళ్ళు నన్ను," అని నవ్వేవారు. పెళ్ళయ్యాక ఆట ఆగిపోయింది. చూడటం మాత్రం ఆగలేదు.

ఆవిడకి ఆటగాళ్ళ మీద గట్టి అభిప్రాయాలు ఉండేవి. కూతకెళ్ళే ముందు తొడ కొట్టుకునేవాణ్ణి నమ్మేవారు కాదు. "తొడ కొడితే పాయింటొచ్చిద్దా? ఆ ఊపిరి దాచుకోవచ్చుగా," అనేవారు. భయమే లేదనేవాడి మీద కూడా ఆవిడకి గురి ఉండేది కాదు, అలాంటివాడు గీత ఎక్కడుందో మర్చిపోతాడట. ఆవిడకి ఇష్టమైనవాళ్ళు పట్టేవాళ్ళు. మూల నిలబడి, ఎవరి కంటా పడకుండా, సమయం చూసి కాలు పట్టేవాళ్ళు. "కూతకెళ్ళినోణ్ణి అందరూ భుజాలెక్కిస్తారు. వీళ్ళ పేర్లు ఎవడికీ గుర్తుండవు," అని పట్టేవాళ్ళ పేర్లన్నీ పనిగట్టుకుని గుర్తుపెట్టుకునేవారు.

టీవీలో కబడ్డీ లీగ్ వచ్చాక, ఊరి జట్టుకి తోడు ఆవిడకి రెండో జట్టు దొరికింది. ఆ జట్టునే ఎందుకు ఎంచుకున్నారో మాకు ఇప్పటికీ తెలియదు. మొదటి రోజు ఆ రంగు బనియన్లు చూసి "వీళ్ళు మనోళ్ళు" అన్నారు, అంతే. ఏటా ఆటగాళ్ళని వేలం వేస్తారని తెలిసినప్పుడు మాత్రం చాలా బాధపడ్డారు. "మిర్చి యార్డులో టిక్కీ బస్తాలకి పాట పాడినట్టు మనుషులకి పాడటమేంటి?" అన్నారు. ఒక ఏడు ఆవిడకి ప్రాణమైన డిఫెండర్ వేరే జట్టుకి పోయాడు. మా ఆయన వెంటనే, "అయితే మనమూ ఆ జట్టుకే మారదాం అమ్మా, వాళ్ళే కప్పు కొట్టేట్టున్నారు," అన్నాడు. ఆవిడ కొడుకుని ఎగాదిగా చూశారు.

"నువ్వు గెలిచేవాళ్ళ పార్టీరా. ఓడిపోయేటప్పుడు కూడా ఎవడో ఒకడు ఉండాలిగా వాళ్ళకి."

ఆ డిఫెండర్ మన జట్టు మీద ఆడిన రోజున మాత్రం ఆవిడ గొంతు లేవలేదు. మా ఆయన ఏదో అనబోతే, "ఊరుకో, ఆణ్ణి చూడనీ," అన్నారు.

టీవీలో జట్టు సంగతి వేరు. ఊరి జట్టు విషయంలో ఆవిడకి వచ్చిన కష్టం మాత్రం నేను మర్చిపోలేను.

మా మరిది ఊరి జట్టులో కూతకెళ్ళేవాళ్ళందరిలోకీ మెరుగు. హైవే పక్కనున్న ఒక స్పిన్నింగు మిల్లువాళ్ళు అతని ఆట చూసి, తమ జట్టుకి ఆడితే ఉద్యోగం ఇస్తామన్నారు. అతను ఒప్పుకున్నాడు. ఊళ్ళో చాలామందికి కోపం వచ్చింది. ఇంటిమీదకి వచ్చి నాలుగు మాటలు అన్నవాళ్ళు కూడా ఉన్నారు. అత్తగారు వాళ్ళతో ఒకటే అన్నారు. "వాడు అన్నం కోసం పోయాడు. అందులో తప్పేముంది? నేను మాత్రం ఎక్కడికీ పోను."

ఆ మాటకి ఎంత బరువుందో ఆ వేసవిలో తెలిసింది. ఏటా మిరప కోతలయ్యాక మా ఊళ్ళో పోటీలు పెడతారు. ఆ ఏడు ఫైనల్లో మా ఊరూ, మిల్లు జట్టూ ఎదురుపడ్డాయి. అత్తగారు ఎప్పటిలాగే ఊరివాళ్ళ వైపు వచ్చి తాడు పక్కన కూర్చున్నారు. పక్కనున్నావిడ ఉండబట్టలేక, "కొడుకు అటు ఆడుతుంటే ఇటు కూర్చున్నావేంటి వదినా?" అంది.

"ఇంటికొస్తే నా కొడుకే. ఇక్కడ మిల్లోడు," అన్నారు ఆవిడ. అన్నారే గానీ, చేతిలో కొంగు అంచుని నలుపుతూనే ఉన్నారు.

ఆట చివరికొచ్చింది. మా ఊరు ఒక్క పాయింటు ముందుంది. చివరి కూతకి మా మరిదే వచ్చాడు. గ్రౌండంతా నిశ్శబ్దం అయిపోయింది, అతని కూత ఒక్కటే వినిపిస్తోంది. కుడివైపు వెళ్ళి, ఒకణ్ణి తాకినట్టే తాకి వెనక్కి తిరిగాడు. అప్పుడు మా అత్తగారు లేచి నిలబడి అరిచారు.

"కాలు పట్టండిరా, కాలు!"

ఎడమ మూలన ఉన్న కుర్రాడు దూకి కాలు పట్టాడు. మిగతావాళ్ళు మీద పడ్డారు. గుంపు కింద నుంచి ఒక కేక వచ్చింది. అందరూ లేచాక మా మరిది లేవలేదు. మోకాలు పక్కకి తిరిగిపోయి ఉంది.

అత్తగారు తాడు కింద నుంచి దూరి పరుగెత్తారు. ఆవిడ అలా పరుగెత్తడం నేను చూడటం అదే మొదలు, అదే చివర. ఆ ఏడు కప్పు మా ఊరిదే. దాన్ని తీసుకోవడానికి ఎవరు వెళ్ళారో కూడా నాకు గుర్తులేదు.

ఆపరేషను అయింది. నడక వచ్చింది గానీ ఆట రాలేదు. కొన్నాళ్ళకి మిల్లులో ఉద్యోగమూ పోయింది. మా మరిది ఇంటికి వచ్చి మంచానికి అతుక్కుపోయాడు. తల్లి అన్నం పెడితే తినేవాడు, పలకరిస్తే గోడవైపు తిరిగేవాడు. ఒకరోజు ఆవిడ కంచం తీస్తుంటే, "గెలిచారుగా. సంతోషమేగా నీకు," అన్నాడు. ఆవిడ కంచం తీసుకుని పెరట్లోకి వెళ్ళి చాలాసేపు కడుగుతూ కూర్చున్నారు. నేను వెళ్ళి చూస్తే కంచం ఎప్పుడో శుభ్రమైపోయింది, ఆవిడ ఇంకా తోముతూనే ఉన్నారు.

"నా నోరు ఊరుకోలేదమ్మాయ్," అన్నారు.

"అంత గోలలో మీ మాట ఎవరికి వినపడి ఉంటుంది అత్తయ్యా?"

"గోలెక్కడుంది? వాడికి వినపడిందిగా."

ఆ తర్వాత ఆవిడ గ్రౌండు వైపు వెళ్ళడం మానేశారు. టీవీలో లీగ్ వస్తుంటే లేచి బయటికి పోయేవారు. చర్చిలో ప్రార్థన అయిపోయి అందరూ లేచినా ఆవిడ మోకాళ్ళ మీదే ఉండిపోయేవారు. అంత గలగలా మాట్లాడే మనిషి ఇంట్లో ఉన్నట్టే ఉండేవారు కాదు.

మరుసటి వేసవి పోటీలప్పుడు జట్టు కుర్రాళ్ళు పిలవడానికి వచ్చారు. కాలు పట్టిన కుర్రాడు లోపలికి రాలేక గుమ్మం బయటే నిలబడ్డాడు. "నేను రాను నాయనా. మీరు బాగా ఆడండి," అని అత్తగారు పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయారు. వాళ్ళు తలలు వంచుకుని వెనక్కి తిరిగారు. అప్పుడు మంచం మీద నుంచి మా మరిది లేచాడు. ముందు గుమ్మం దగ్గరికి వెళ్ళి ఆ కుర్రాడి భుజం మీద చెయ్యి వేశాడు. తర్వాత వంటింట్లోకి వచ్చాడు.

"అమ్మా, పద."

ఆవిడ పొయ్యిలోకి ఇంకో పుల్ల తోశారు.

"నువ్వు అరవకపోయినా వాడు కాలే పట్టేవాడు. నేను వాడి చోట ఉంటే నేనూ అదే పట్టేవాణ్ణి. ఆట అది. నీ తప్పేం లేదు, పద."

ఆవిడ పొయ్యి ముందు అలాగే కూర్చుండిపోయి ఏడ్చారు. మామగారు పోయినప్పుడు కూడా మనుషుల ముందు ఏడవలేదని చెప్పే మనిషి, కొడుకు కాళ్ళు రెండూ పట్టుకుని ఏడ్చారు. అతను కుంటుకుంటూ ఆవిణ్ణి గ్రౌండుకి తీసుకెళ్ళాడు, పక్కనే కూర్చున్నాడు. ఆ రోజు మా ఊరు మొదటి ఆటలోనే ఓడిపోయింది. తల్లీ కొడుకులు ఇంటికి వస్తూ దారి పొడవునా ఎవరు ఎక్కడ తప్పు చేశారో వాదించుకుంటూనే వచ్చారు. ఇంట్లో అంత హాయిగా అన్నాలు తిన్న రోజు అప్పటికి చాలాకాలంగా లేదు. ఆ వారం నుంచే మా మరిది కుర్రాళ్ళకి ఆట నేర్పడం మొదలుపెట్టాడు. ఇప్పటికీ నేర్పుతున్నాడు.

కొన్నేళ్ళుగా అత్తగారికి ఆయాసం ఉండేది. మిరపకాయల ఘాటు పీల్చీ పీల్చీ వచ్చిందని డాక్టరు అన్నారు. పని మానమంటే వినేవారు కాదు. ఈ ఏడు పత్తి తీతలు సగంలో ఉండగా ఒక్కసారిగా ముదిరిపోయింది. గుంటూరు తీసుకెళ్ళాం. చేలో ఊపిరి తెగకుండా కూత పెట్టిన మనిషి, నాలుగు మాటలకి ఒకసారి ఆగి మాస్కు పెట్టుకోవలసి వచ్చింది. నర్సమ్మ మంచి నీళ్ళు పట్టిస్తే, "నిదానంగా తల్లీ, ఇక్కడ కూత తెగినా ఔటేం లేదుగా," అన్నారు. ఆ పిల్లకి అర్థం కాలేదు. మేము నవ్వలేక నవ్వాం.

ఆ వారమే టీవీలో ఆవిడ జట్టు సెమీఫైనల్ ఆడింది. వార్డులో టీవీ లేదు. సాయంత్రం బయట వరండాలో మా మరిది ఫోనులో చూశాడు. ఓడిపోయారు. మా ఆయన, మా మరిది, నేను గోడకానుకుని నిలబడ్డాం.

"గెలిచారని చెబుదాం. ఏం పోయింది?" అన్నాడు మా ఆయన.

మా మరిది తల అడ్డంగా ఊపాడు. "కనిపెట్టేసిద్ది అన్నా. వదినని చెప్పనీ."

నేను లోపలికి వెళ్ళాను. ఆవిడ కళ్ళు నామీదే ఉన్నాయి. "ఓడిపోయారు అత్తయ్యా," అన్నాను.

మాస్కు పక్కకి జరిపారు. "ఎంతలో?"

"రెండు పాయింట్లు."

"చివరి కూత ఎవణ్ణి పంపారు?"

పేరు చెప్పాను. ఆవిడ కళ్ళు మూసుకుని, చిరాకుపడ్డట్టు నుదురు ముడివేశారు. ఆయాసపడుతూనే, "వాడా... తొడ కొట్టేవాణ్ణి పంపితే... అంతే," అన్నారు. కాసేపు ఊపిరి తీసుకుని నా చెయ్యి తట్టారు. నన్ను ఓదారుస్తున్నారని అర్థమవడానికి నాకు క్షణం పట్టింది.

"పోనీలే అమ్మాయ్. వచ్చే ఏడు చూద్దాం."

ఆ అర్ధరాత్రి దాటాక పోయారు.

వచ్చే ఏడు అనే మాట ఆవిడ అంత మామూలుగా ఎలా అన్నారో నాకు ఇప్పటికీ తెలియడం లేదు. నమ్మి అన్నారా, నాకోసం అన్నారా అని ఆలోచిస్తుంటాను. ఒక్కొక్కప్పుడు బడిలో పిల్లలకి పాఠం చెబుతూ మధ్యలో ఆగిపోతాను. ఈ ఇంటికి కొత్తగా వచ్చినప్పుడు నాకు అమ్మ లేదు. అత్తగారి మంచి మాటలు విని బతికాననడం కాదు, ఆవిడ నన్ను ముద్దు చేసిందీ లేదు. నేను జ్వరంతో పడుకుంటే తలకి తడిగుడ్డ వేసి, కూర్చుని, నాకు తెలియని ఆటగాళ్ళని తిడుతూ ఉండేవారు. ఆ తిట్లు వింటూ నిద్రపోయేదాన్ని. ఇప్పుడు ఇంట్లో ఆ గొంతు లేదు. ఎన్ని చప్పుళ్ళున్నా ఇల్లు ఖాళీగానే ఉంది.

నిన్న సాయంత్రం బడి నుంచి వస్తున్నాను. పత్తి తీతల నుంచి ఆడవాళ్ళని తీసుకొచ్చే ఆటో నా ముందు పోతోంది. మొన్న మొన్నటి దాకా అత్తగారు వచ్చేది అందులోనే. ఇంటిదాకా రాకుండా గ్రౌండు దగ్గరే దిగి, చీకటి పడేవరకూ ప్రాక్టీసు చూసి వచ్చేవారు. ఆటో గ్రౌండు దగ్గరికి రాగానే అలవాటుగా ఆగింది. ఎవరూ దిగలేదు. డ్రైవరు పొరపాటు తెలిసినట్టు హ్యాండిల్ మీద చేతులు పెట్టుకుని కూర్చుండిపోయాడు. తలలకి గుడ్డలు చుట్టుకున్న ఆడవాళ్ళు, జుట్టులో పత్తి పీచులతో, గ్రౌండు వైపే చూస్తున్నారు. అక్కడ ఒక కుర్రాడు కూతకెళ్ళాడు. పోనివ్వమని డ్రైవరుకి ఎవరూ చెప్పలేదు. ఇంజను గుడగుడమంటూనే ఉంది, దాని మీదుగా ఆ కూత వినిపిస్తూనే ఉంది.